‘లాస్కర్’ అంటే ఎవరు? సైనిక శిబిరం నుంచి సముద్రం మీదుగా కాలువ గట్టు వరకు ఒక పదం ప్రయాణం

ఆంగ్ల భాషలోని నౌకాయాన పదాలలో అధిక భాగం ఐరోపా సముద్ర తీరాలలో పుట్టినవే. కొన్ని మాత్రం హిందూ మహాసముద్రం నుంచి అక్కడికి చేరాయి. ‘కటమరాన్’ అన్న మాటకు మూలం తమిళుల కట్టుమరం. చిన్న పడవను సూచించే ‘డింగీ’ హిందీ, బెంగాలీ భాషల నుంచి వెళ్లింది. ఈ కోవకు చెందిన మరో పదం ‘లాస్కర్’.

ఆంగ్ల నిఘంటువులు దీనికి ఇచ్చే అర్థం క్లుప్తమైనది. తూర్పు దేశాలకు, ముఖ్యంగా భారత ఉపఖండానికి చెందిన నావికుడు లాస్కర్. నేడు ఈ మాట నౌకాశ్రయాలలో వినిపించదు. చరిత్ర గ్రంథాలలో, పాత నవలలలో మాత్రమే కనిపిస్తుంది. కానీ దాదాపు మూడు శతాబ్దాల పాటు ఇది కేవలం ఒక వృత్తి పేరు కాదు. ఓడ సిబ్బంది పట్టికలో ఒక మనిషి పేరు ఎదుట ఈ మాట ఉన్నదా లేదా అన్న దానిని బట్టి అతని జీతం, తిండి, పడుకునే చోటు, పరాయి రేవులో దిగే హక్కు నిర్ణయమయ్యేవి. చివరకు అతడు సముద్రంలో మరణిస్తే అతని పేరు ఏ స్మారకంలో చేరాలన్నది కూడా ఈ మాటతోనే ముడిపడి ఉండేది.

ఆశ్చర్యమేమిటంటే ఇదే పదం వేర్వేరు అర్థాలతో తెలుగు నేలపై నేటికీ సజీవంగా ఉంది. సికింద్రాబాద్ బోనాల పేరులో ఉంది. నీటిపారుదల శాఖ కొలువులలో ఉంది.

మూలం పారశీకం

‘లాస్కర్’కు మాతృక పారశీక భాషలోని ‘లష్కర్’. సైన్యం, సైనిక శిబిరం అన్నవి దాని అర్థాలు. సైన్యానికి చెందినవాడు ‘లష్కరీ’. అరబ్బీలో సైన్యాన్ని సూచించే ‘అస్కర్’ కూడా ఈ పారశీక పదం నుంచే ఏర్పడిందని పలువురు భాషావేత్తల అభిప్రాయం. తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీ భాషలో సిపాయిని, పోలీసును ‘అస్కారీ’ అని పిలవడం ఆ అరబ్బీ మాట చలవే.

సుల్తానుల, మొఘలుల పాలనలో లష్కర్ భారతదేశమంతటా వ్యాపించింది. సైన్యం కదిలితే దానితో పాటు బజారు కదిలేది. గుడారాలు వేసేవారు, పశువులను కాచేవారు, వంటవారు, వర్తకులు వెంట నడిచేవారు. శిబిరం ఒకచోట ఏళ్ల తరబడి నిలిచిపోతే అదే పట్టణమయ్యేది. మధ్యప్రదేశ్‌లోని గ్వాలియర్‌లో సింధియాల సైనిక శిబిరం ఉన్న ప్రాంతానికి లష్కర్ అన్న పేరే స్థిరపడింది. బెంగాల్‌లో, అస్సాంలోని బరాక్ లోయలో ‘లస్కర్’ ఇంటిపేరుగా మారింది. ఇండొనేషియాలో ‘లస్కార్’ అంటే నేటికీ దండు అనే అర్థం. ఆ దేశంలో ఎంతో ఆదరణ పొందిన 2005 నాటి బాలల బడి నవల ‘లస్కార్ పెలాంగి’ పేరుకు అర్థం ఇంద్రధనుస్సు దండు.

ఈ అర్థాలలో ఎక్కడా చిన్నచూపు లేదు. మరి ఐరోపావారి నోట ఆ గౌరవం ఎలా తగ్గింది?

పోర్చుగీసుల చేతిలో మొదటి మలుపు

1498లో వాస్కో డ గామా కేరళ తీరానికి చేరిన తరువాత పోర్చుగీసులు ఇక్కడ కోటలు కట్టారు, స్థానికులను కొలువులో చేర్చుకున్నారు. తమ తరఫున పోరాడే ఆసియా సిపాయిలను వారు ‘లస్కరిమ్’ అన్నారు. శ్రీలంకలో ఈ మాట ‘లస్కరిన్’గా ప్రసిద్ధి పొందింది. అక్కడి లస్కరిన్లు పోర్చుగీసుల పక్షాన పోరాడారు. అవసరమైనప్పుడు పక్షం మార్చారు కూడా. 1630లో రందెనివెల వద్ద కాండీ రాజ్య సేనలతో జరిగిన యుద్ధంలో లస్కరిన్లు ఎదురు తిరగడంతో పోర్చుగీసు సేనాపతి కొన్‌స్తాంతీను ద సా ప్రాణాలు కోల్పోయాడు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. పారశీకంలో సమూహాన్ని, అంటే సైన్యం మొత్తాన్ని సూచించిన మాట పోర్చుగీసులో ఒక వ్యక్తిని సూచించసాగింది. ఆ వ్యక్తి కూడా ఏదో ఒక సైనికుడు కాదు, పరాయి పాలకుని కింద పనిచేసే దేశీయుడు. పదం అర్థంలోకి యజమాని, సేవకుడు అన్న తేడా ప్రవేశించింది ఈ దశలోనే.

ఫిరంగి, డేరా, ఓడ

17వ శతాబ్దంలో ఈ పదం ఆంగ్లేయుల రాతలలోకి వచ్చింది. ఈస్టిండియా కంపెనీ కొలువులో లాస్కర్లు ప్రధానంగా మూడు రకాలు. ఫిరంగులను లాగుతూ, నిలబెడుతూ సైన్యానికి తోడ్పడేవారు ‘గన్ లాస్కర్లు’. గుడారాలు వేసి, విప్పి, మోసేవారు ‘టెంట్ లాస్కర్లు’. ఓడలలో పనిచేసేవారు మూడో రకం. కాలక్రమంలో ఆంగ్లంలో మొదటి రెండు అర్థాలు వెనుకబడ్డాయి. నావికుడన్న అర్థమే ప్రధానమైంది.

కంపెనీ ఓడలకు లాస్కర్ల అవసరం స్పష్టంగానే ఉండేది. ఇంగ్లండు నుంచి బయలుదేరిన నావికులలో ఎందరో దారిలో వ్యాధులకు బలయ్యేవారు. మరికొందరు భారత రేవులలో ఓడ దిగి పారిపోయేవారు. యుద్ధాలు వస్తే నౌకాదళం కొందరిని బలవంతంగా తీసుకుపోయేది. తిరుగు ప్రయాణానికి మనుషులు కావాలి. సూరత్, బొంబాయి, కలకత్తా, చిట్టగాంగ్ రేవులలో నైపుణ్యం గల నావికులు తక్కువ జీతానికి లభించేవారు. గుజరాత్, కొంకణ తీరవాసులు, సిల్హెట్, నోవాఖాలీ ప్రాంతాల బెంగాలీలు, గోవావాసులు ఈ కొలువులో అధికంగా ఉండేవారు.

ఆవిరి ఓడలు వచ్చాక పని స్వభావం మారింది. ఓడ అడుగున కొలిమి ముందు నిలిచి బొగ్గు వేసే పని లాస్కర్ల వంతయింది. వీరిని ‘ఆగ్‌వాలా’లు అనేవారు. ఉష్ణదేశంలో పుట్టినవారికి కొలిమి వేడి ఇబ్బంది కాదన్నది ఓడల యజమానులు చెప్పిన సాకు. ఆ వాదనకు వైద్యశాస్త్రం నుంచి ఆధారమేదీ లేదు.

తెలుగుకు తెలిసిన పదవులు

లాస్కర్ల బృందం ఒక అధికార క్రమంలో ఉండేది. బృందానికి పెద్ద ‘సరంగు’. పారశీకంలో నాయకుడన్న అర్థమిచ్చే ‘సర్హంగ్’ దీనికి మూలం. సరంగు కింద ‘టిండల్’ ఉండేవాడు. సాధారణ నావికుడు ‘ఖలాసీ’. చుక్కాని పట్టేవాడు ‘సీకనీ’. ఈ మాట ‘సుక్కానీ’కి ఆంగ్ల రూపం. వంట చేసేవాడు ‘భండారీ’.

ఈ పేర్లు తెలుగువారికి కొత్తవి కావు. గోదావరిపై లాంచీ నడిపే వ్యక్తిని నేటికీ సరంగు అనే పిలుస్తారు. ఆంగ్లంలోని ‘టిండల్’ తెలుగులోని ‘తండేలు’కు, మలయాళంలోని ‘తండల్’కు బంధువని భారతీయ మూలాల ఆంగ్ల పదకోశంగా పేరొందిన 1886 నాటి ‘హాబ్సన్-జాబ్సన్’ పేర్కొంటుంది. శ్రీకాకుళం తీరంలో వేటకు వెళ్లే మత్స్యకారుల బృందానికి నాయకుడు తండేలు. 2018లో గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్లి పాకిస్థాన్‌కు చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారుల ఉదంతం ఆధారంగా 2025లో వచ్చిన చలనచిత్రంతో ఆ పేరు తెలుగు నేలంతటా మారుమోగింది. కాకినాడ, విశాఖపట్నం వంటి చోట్ల సరకులు ఎగుమతి, దిగుమతి చేసే కూలీలు కలాసీలు. అరబ్బీ ‘సుక్కాన్’, తమిళ ‘చుక్కాన్’, తెలుగు ‘చుక్కాని’ ఒకే గూటి పక్షులు.

ఓడలపై ఈ బృందాలు మాట్లాడిన భాషకు ‘లస్కరీ’ అన్న పేరు వచ్చింది. హిందుస్తానీ, పోర్చుగీసు, అరబ్బీ, మలయ్, ఆంగ్ల పదాల కలగలుపు అది. భిన్న ప్రాంతాల నావికులు తుఫానులో ఒక్క మాటపై తాడు లాగాలంటే అందరికీ తెలిసిన భాష ఉండాలి. తెల్ల అధికారులకు కూడా అది నేర్వక తప్పలేదు. వారి కోసం థామస్ రోబక్ అనే సైనికాధికారి కలకత్తాలో 1811లో ఆంగ్ల-హిందుస్తానీ నౌకా నిఘంటువును ప్రచురించాడు. రచయిత అమితావ్ ఘోష్ 2008 నాటి ‘సీ ఆఫ్ పాపీస్’ నవలలో ఈ మరుగున పడిన భాషకు మళ్లీ ప్రాణం పోశారు.

ఈ వ్యవస్థకు మరో పార్శ్వమూ ఉంది. నియామకమంతా సరంగుల ద్వారా, రేవులలోని దళారుల ద్వారా సాగేది. సరంగు తన ఊరివారిని, బంధువులను తెచ్చి ఓడ ఎక్కించేవాడు. కొలువు దొరికే వరకు అప్పు ఇచ్చేవాడు. కొలువు దొరికాక జీతంలో వాటా కోసుకునేవాడు. ఓడ ఎక్కకముందే నావికుడు అప్పుల ఊబిలో దిగేవాడు. యజమానికి ఇది అనుకూలమైన ఏర్పాటు. ఎందుకంటే పనివారిని అదుపులో పెట్టే బాధ్యత కూడా సరంగుదే.

చట్టం గీసిన గీత

‘లాస్కర్’ అన్న మాట కేవలం వాడుకలో ఉండిపోతే అది కొంతకాలానికి సహజంగానే మారిపోయేదేమో. దాన్ని స్థిరపరచినది చట్టం.

1660 నాటి ఇంగ్లండు నౌకాయాన చట్టం ప్రకారం ఓడ సిబ్బందిలో కనీసం మూడు వంతుల మంది ఆంగ్లేయులై ఉండాలి. యుద్ధకాలంలో ఈ నిబంధన సడలేది. శాంతికాలంలో మాత్రం లండన్ చేరిన లాస్కర్లకు తిరుగు ప్రయాణంలో పని దొరకడం కష్టమయ్యేది. చలిదేశంలో కూడు, గూడు లేక వీధుల పాలైనవారు ఎందరో. 1786లో లండన్‌లో నల్లజాతి పేదల సహాయ సంఘం ఏర్పడడానికి తొలి ప్రేరణ ఈ లాస్కర్ల దుస్థితే.

1823లో బ్రిటిష్ పార్లమెంటు మరో చట్టం చేసింది. ఆసియా నావికులు బ్రిటిష్ పాలిత ప్రాంతాలలో పుట్టినప్పటికీ వారిని బ్రిటిష్ నావికులుగా పరిగణించరాదని అది నిర్దేశించింది. వారిని స్వదేశానికి తిరిగి చేర్చే బాధ్యత ఓడల యజమానులపై పెట్టింది. బాహ్యంగా చూస్తే ఇది రక్షణ. ఆచరణలో ఇది ద్వారం మూయడం. పన్నులు కట్టేటప్పుడు, సిపాయిలుగా చేరేటప్పుడు రాజు ప్రజలైనవారు, రేవులో దిగి మెరుగైన జీతం అడిగేటప్పుడు పరాయివారయ్యారు.

ఆ తరువాత ‘లాస్కర్ ఒప్పందం’ అన్న ప్రత్యేక పత్రం స్థిరపడింది. ఆ ఒప్పందంపై చేరిన వ్యక్తి భారత రేవులో ఓడ ఎక్కి, మళ్లీ భారత రేవులోనే విడుదల పొందాలి. మధ్యలో మరో ఓడకు మారే వీలు లేదు. అతని జీతం బ్రిటిష్ నావికుని జీతంలో మూడో వంతు మొదలు అయిదో వంతు వరకే ఉండేది. ఓడలో చోటు విషయంలోనూ ఇదే తేడా. 1906 నాటి బ్రిటిష్ నౌకా చట్టం ఒక్కొక్క నావికునికి కేటాయించవలసిన కనీస నివాస స్థలాన్ని 72 ఘనపుటడుగుల నుంచి 120 ఘనపుటడుగులకు పెంచింది. లాస్కర్లను ఆ పెంపు నుంచి మినహాయించింది. ఒకే ఓడ, ఒకే సముద్రం, ఒకే తుఫాను. కొలతలు మాత్రం రెండు.

1925లో బ్రిటన్ ప్రభుత్వం శ్వేతేతర విదేశీ నావికుల నమోదుకు మరో ఉత్తర్వు తెచ్చింది. తాము బ్రిటిష్ ప్రజలమని నిరూపించే పత్రాలు లేని శ్వేతేతర నావికులు విదేశీయులుగా నమోదు కావలసి వచ్చింది. ఓడ ఎక్కే నావికులకు పాస్‌పోర్టు అవసరం లేని కాలమది. చేతిలో పత్రం లేదన్న ఒక్క కారణంతో భారతీయులెందరో విదేశీయుల జాబితాలోకి చేరారు.

పుస్తకాలలో లాస్కర్

చట్టంలో స్థానం తగ్గిన మనిషికి సాహిత్యంలోనూ గౌరవం దక్కలేదు. చార్లెస్ డికెన్స్ 1870లో అసంపూర్ణంగా వదిలి వెళ్లిన చివరి నవలలో నల్లమందు గృహంలో మత్తులో పడి ఉన్న ఒక లాస్కర్ కనిపిస్తాడు. ఆర్థర్ కోనన్ డాయిల్ 1891లో రాసిన ఒక షెర్లాక్ హోమ్స్ కథలోనూ నల్లమందు గృహం నడిపే దుష్టుడు లాస్కరే. ఫ్రాన్సెస్ హాడ్‌సన్ బర్నెట్ 1905లో వెలువరించిన ‘ఎ లిటిల్ ప్రిన్సెస్’ బాలల నవలలో రామ్‌దాస్ అనే సౌమ్యుడైన భారతీయ సేవకుడున్నాడు. అతడు ఓడలో పనిచేసే నావికుడు కాదు, ఇంట్లో పనివాడు. అయినా రచయిత్రి అతన్ని లాస్కర్ అనే వ్యవహరించింది.

అంటే 20వ శతాబ్ది ప్రారంభానికి సాధారణ ఆంగ్ల పాఠకుని దృష్టిలో లాస్కర్ అన్నది నైపుణ్యం గల నావికుని పేరుగా మిగలలేదు. గోధుమ రంగు చర్మం గల ఏ సేవకునికైనా తగిలించగల ముద్రగా మారింది. మారిషస్‌లో ఇదే పదం మరో దారి పట్టింది. అక్కడ భారత సంతతి ముస్లింలను ‘లస్కార్’ అంటారు. సందర్భాన్ని బట్టి ఆ మాటలో చులకన కూడా ధ్వనిస్తుంది.

రెండు యుద్ధాలు, వేర్వేరు స్మారకాలు

మొదటి ప్రపంచ యుద్ధం నాటికి బ్రిటిష్ వాణిజ్య నౌకలలో పనిచేసే లాస్కర్ల సంఖ్య దాదాపు 50 వేలు. ఆ యుద్ధంలో 3,400 మందికి పైగా మరణించారని చరిత్రకారుల అంచనా. రెండో ప్రపంచ యుద్ధంలో మృతుల సంఖ్య ఆరు వేలు దాటింది. జలాంతర్గాములు టార్పెడోలతో దాడి చేసేటప్పుడు ఓడ అడుగున కొలిమి దగ్గర ఉన్నవారికి పైకి వచ్చే సమయం అతి తక్కువ. అక్కడ పనిచేసేది ఎక్కువగా లాస్కర్లే. 1940 సెప్టెంబరులో బ్రిటన్ నుంచి బాలలను కెనడాకు తరలిస్తున్న ‘సిటీ ఆఫ్ బెనారస్’ ఓడను జర్మన్ జలాంతర్గామి ముంచివేసింది. తరలింపు పథకం కింద ఎక్కిన 90 మంది బాలలలో 77 మంది మరణించారు. ఆ రాత్రి చనిపోయినవారిలో భారతీయ నావికులు కూడా పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఆ విషయం మాత్రం చాలాకాలం మరుగున పడింది.

యుద్ధం మొదలైన 1939లోనే లాస్కర్లు బ్రిటన్‌తో సహా పలు దేశాల రేవులలో సమ్మెకు దిగారు. తెల్ల నావికునికి ఎదురయ్యే ప్రమాదమే తమకూ ఎదురవుతున్నప్పుడు జీతంలో ఇంత తేడా ఎందుకన్నది వారి ప్రశ్న. కొందరు జైలు పాలయ్యారు. అయినా యజమానులు జీతాలు పెంచక తప్పలేదు. తక్కువ జీతానికి తలవంచే స్వభావం గలవారన్న ప్రచారాన్ని లాస్కర్లు స్వయంగా తిప్పికొట్టిన సందర్భమది.

మరణానంతరం కూడా ఆ ముద్ర వారిని వీడలేదు. సముద్రంలో సమాధి లేకుండా పోయిన బ్రిటిష్ వాణిజ్య నావికుల పేర్లు లండన్‌లోని టవర్ హిల్ స్మారకంపై కంచు ఫలకాలలో ఉన్నాయి. భారతీయ నావికుల స్మారకాలను ముంబైలో, నేటి బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్‌లో వేరుగా ఏర్పాటు చేశారు. రెండో యుద్ధంలో మరణించిన దాదాపు 6,500 మంది పేర్లు అక్కడ ఫలకాలపై చెక్కి లేవు. ఒక స్మారక గ్రంథంలో నమోదై ఉన్నాయి. కోల్‌కతాలో హుగ్లీ తీరాన హేస్టింగ్స్ ప్రాంతంలో 1924లో ప్రారంభించిన నూరడుగుల లాస్కర్ స్మారకం మాత్రం కంటికి కనిపించే గుర్తు. మొదటి యుద్ధంలో ప్రాణాలర్పించిన ఉమ్మడి బెంగాల్, అస్సాంలకు చెందిన 896 మంది నావికుల స్మృతికి అది అంకితం.

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆసియా, ఆఫ్రికా మృతులను స్మరించడంలో అసమానత చోటుచేసుకున్నదని కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ నియమించిన కమిటీ 2021 ఏప్రిల్‌లో నివేదిక ఇచ్చింది. కమిషన్ క్షమాపణ చెప్పింది.

తెలుగు నేలపై లష్కర్

సముద్రంపై ఈ పదం ఇలా సాగుతుండగా భూమిపై పాత అర్థాలు వేరొక దారిలో నిలిచాయి. 1798 ఒప్పందం తరువాత హైదరాబాద్ నిజాం రాజ్యంలో బ్రిటిష్ సైన్యం స్థిరపడిన ప్రాంతం సికింద్రాబాద్. సైన్యం ఉన్న చోటు కనుక ప్రజలు దాన్ని లష్కర్ అన్నారు. ఆషాఢంలో గోల్కొండ బోనాల తరువాత ఉజ్జయిని మహంకాళి ఆలయంలో జరిగేవి నేటికీ ‘లష్కర్ బోనాలు’. ఆ ఆలయ ప్రతిష్ఠ కథలోనూ సైన్యమే ఉంది. 1813లో సైనిక విధులపై ఉజ్జయిని వెళ్లిన సురిటి అప్పయ్య, కలరా శాంతిస్తే అమ్మవారిని తమ ఊళ్లో ప్రతిష్ఠిస్తామని మొక్కుకున్నారన్నది స్థలపురాణం.

రెండో అర్థం కాలువల వెంట నిలిచింది. మద్రాసు రాజధానిలో ప్రజాపనుల శాఖ విస్తరించినప్పుడు దిగువ స్థాయి క్షేత్ర సిబ్బందిని లాస్కర్లనే వ్యవహరించారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, విజయవాడ వద్ద కృష్ణా ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. వాటి కాలువలు సాగునీటికే కాక పడవల రాకపోకలకూ ఉపయోగపడ్డాయి. తూములు ఎత్తడం, దించడం, లాకుల వద్ద కాపలా, గట్టుకు గండి పడకుండా చూడడం లాస్కర్ల విధులయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో లస్కరని, తెలంగాణలో లష్కరని పిలిచే ఈ ఉద్యోగి నేటికీ సాగునీటి వ్యవస్థలో చివరి మెట్టు. వరద రాత్రి గట్టుపై లాంతరుతో, నేడు టార్చిలైటుతో నడిచేది అతడే. చివరి భూములకు నీరు చేరిందో లేదో ముందుగా తెలిసేది కూడా అతనికే.

ఒకే మూలపదం సికింద్రాబాద్‌లో ఒక పట్టణపు గర్వంగా, కాలువ గట్టుపై ఒక చిన్న కొలువుగా, బ్రిటిష్ ఓడపై ఒక తక్కువ ధరగా మారింది. పదంలో స్వతహాగా ఉన్నతమూ లేదు, నీచమూ లేదు. దాన్ని ఎవరు, ఎవరికి, ఏ పత్రంలో వాడారన్నదే తేడా.

మాట పోయింది, లెక్క మిగిలింది

స్వాతంత్ర్యం తరువాత లాస్కర్ అన్న మాట అధికారిక పత్రాల నుంచి క్రమంగా తొలగింది. భారత వాణిజ్య నౌకా చట్టం 1958లో వచ్చింది. ఓడ దిగి బ్రిటన్‌లో స్థిరపడిన సిల్హెట్ నావికుల వారసులు నేడు అక్కడి బంగ్లాదేశీ సమాజానికి పునాది. ఆ దేశంలో వ్యాపించిన భారతీయ భోజనశాలలలో అనేకం మొదలుపెట్టినది వారే.

అయితే ఆ మాట వెనుక ఉన్న ఏర్పాటు అంత త్వరగా పోలేదు. బ్రిటన్ 1976లో తెచ్చిన జాతి సంబంధాల చట్టం ఉద్యోగాలలో జాతి వివక్షను నిషేధించింది. కానీ అందులోని 9వ సెక్షన్ విదేశాలలో నియమించుకున్న నావికులకు తక్కువ జీతం ఇచ్చే వీలు కల్పించింది. నేటికీ ఒకే ఓడపై ఒకే పని చేసేవారికి స్వదేశాన్ని బట్టి వేర్వేరు జీతాలు ఉండడం అంతర్జాతీయ నౌకారంగంలో సాధారణమే.

భారతదేశం నేడు ప్రపంచానికి నావికులను అందించే అయిదు అతిపెద్ద దేశాలలో ఒకటి. ఉత్తరాంధ్ర నుంచి కూడా యువకులు ఈ వృత్తిలోకి వెళుతున్నారు. నావికుల పని గంటలు, వసతి, వైద్యం, స్వదేశానికి తిరిగి చేర్చడం వంటి హక్కులను నిర్దేశించే 2006 నాటి సముద్ర కార్మిక ఒడంబడికను భారత్ 2015లో ఆమోదించింది. యజమాని ఓడను, సిబ్బందిని పరాయి రేవులో వదిలేస్తే వారిని ఆదుకునేందుకు ఆర్థిక హామీ తప్పనిసరి చేసే సవరణ 2017 జనవరి నుంచి అమలులో ఉంది. నియామకాలు నౌకాయాన డైరెక్టరేట్ జనరల్ లైసెన్సు పొందిన సంస్థల ద్వారానే జరగాలన్నది నిబంధన. పాత రేవుల దళారీ వ్యవస్థకు ప్రత్యామ్నాయంగా వచ్చిన రక్షణ ఇది. లైసెన్సు లేని ఏజెంటుకు డబ్బు కట్టి ఓడ ఎక్కినవాడు కొత్త పేరుతో ఆ పాత స్థితికే చేరుతాడు.

అందువల్ల లాస్కర్ చరిత్ర పదప్రియుల వినోదానికే పరిమితం కాదు. నౌకా కొలువుకు వెళ్లే యువకుడు సంతకం చేసే పత్రంలో తన హోదాను ఏ మాటతో రాశారో, ఆ హోదాకు ఏ దేశపు చట్టం వర్తిస్తుందో, తిరుగు ప్రయాణం ఖర్చు ఎవరిదో చదివి తెలుసుకోవడం తప్పనిసరి. సరంగు చెప్పిన చోట వేలిముద్ర వేసిన తరాలకు ఆ అవకాశం లేకపోయింది.